తెలిసిన రోజే చెప్పాలి: ఇంజినీరింగ్ మేనేజర్లకు వ్యాపార చట్టం

ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో 1853లో ఒక పిండిమిల్లు ఆగిపోయింది. ఆవిరి యంత్రపు క్రాంక్ షాఫ్ట్ విరిగింది. కొత్తది చేయించాలంటే విరిగినదాన్ని నమూనాగా గ్రీనిచ్‌లోని తయారీదారుకు పంపాలి. రవాణా సంస్థ దాన్ని చేర్చడంలో కొన్ని రోజులు ఆలస్యం చేసింది. ఆ రోజులన్నీ మిల్లు తిరగలేదు. పోయిన లాభం ఇప్పించమని యజమానులు కోర్టుకెక్కారు. హాడ్లీ, బాక్సెండేల్ కేసుగా ప్రసిద్ధమైన ఆ తగవులో 1854లో తీర్పు వచ్చింది. తమ దగ్గర వేరే షాఫ్ట్ లేదనీ, ఇది తిరిగొచ్చేదాకా మిల్లు నడవదనీ వాళ్లు రవాణా సంస్థకు చెప్పలేదు. అందుకే ఆ లాభాన్ని దాని నెత్తిన వేయడం కుదరదని కోర్టు తేల్చింది.

మన 1872 నాటి ఒప్పందాల చట్టంలో 73వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఈ కేసుకు తోబుట్టువులాంటిది. అందులో మిల్లు యజమాని యంత్రాన్ని రవాణాదారుకు అప్పగిస్తూ, ఇది లేక మిల్లు ఆగిపోయిందని చెబుతాడు. రవాణాదారు జాప్యం చేస్తాడు. ఆ రోజుల్లో మిల్లు నడిస్తే వచ్చే సగటు లాభాన్ని అతను కట్టాలి. కానీ ఆ జాప్యం వల్లే యజమాని చేతినుంచి జారిపోయిన ప్రభుత్వ కాంట్రాక్టు నష్టాన్ని కట్టనక్కర్లేదు. ఆ కాంట్రాక్టు సంగతి అతనికి తెలిపినట్టు ఉదాహరణలో లేదు. చెప్పిన నష్టానికి పరిహారం ఉంది, చెప్పనిదానికి లేదు.

సైట్లో, ప్లాంటులో, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో బరువు మోసే ఇంజినీర్లలో చాలామంది చట్టాన్ని లీగల్ డిపార్ట్‌మెంట్ సరుకుగానే చూస్తారు. ఒప్పందాల చట్టం ఒక చోట, ఫ్యాక్టరీ చట్టం మరో చోట, పేటెంట్లు ఇంకో చోట, దేనికది వేరే పుస్తకంలా కనిపిస్తుంది. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతోంది: ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది, ఎవరికి చెప్పారు, ఏ తేదీన చెప్పారు? టెక్నికల్ మేనేజరు నేర్చుకోవాల్సిన వ్యాపార చట్టంలో సింహభాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఒప్పందం పుట్టుక నుంచి తగవు తీర్పు దాకా ఆ దారిలో నడిచి చూద్దాం.

ఒప్పందం ఎక్కడ పుడుతుంది

స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టినప్పుడే ఒప్పందం పుడుతుందన్నది మనలో బాగా నాటుకున్న నమ్మకం. చట్టం అలా అనదు. 10వ సెక్షన్ ప్రకారం అర్హత ఉన్న మనుషులు, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి, చట్టబద్ధమైన ప్రతిఫలం, చట్టబద్ధమైన ఉద్దేశం ఉంటే చాలు. ప్రత్యేకంగా రాతకోతలు కావాలని మరో చట్టం అడిగితే తప్ప నోటిమాట కూడా ఒప్పందమే. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టంలోని 10ఏ సెక్షన్ అదనంగా చెప్పింది.

ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసు దీనికి మంచి ఉదాహరణ. బాక్సైట్ సరఫరా మీద 2007 అక్టోబరులో రెండు సంస్థల మధ్య ఈమెయిళ్లు నడిచాయి. ధర, పరిమాణం, షిప్‌మెంట్ల సంఖ్య వంటివి కుదిరాయి. 'డీల్ ఖాయం' అన్న మెయిల్ వెళ్లింది. వివరమైన ఒప్పంద పత్రం మీద మాత్రం సంతకాలు పడలేదు. సంతకం లేదు కాబట్టి ఒప్పందమే లేదన్న వాదనను 2010లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ముఖ్యమైన షరతులన్నీ మెయిళ్లలో కుదిరాక పత్రం లాంఛనమేనంది. 'ఓకే, పని మొదలుపెట్టండి' అని ప్రాజెక్టు మేనేజరు టైప్ చేసే మూడు మాటలకు ఎంత బరువుందో ఈ తీర్పు చెబుతుంది. తనకు అంత అధికారం లేదని ఆయన లోపల అనుకున్నా, అధికారం ఉన్నట్టు అవతలివాళ్లు నమ్మేలా కంపెనీ నడుచుకుని ఉంటే ఒప్పందాల చట్టం 237వ సెక్షన్ కింద కంపెనీ కట్టుబడాల్సి రావచ్చు.

ప్రభుత్వ పనుల్లో పరిస్థితి తలకిందులు. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం ప్రభుత్వ ఒప్పందం రాష్ట్రపతి లేదా గవర్నరు పేరిట, అధికారం ఉన్న వ్యక్తి చేతుల మీదుగా, నిర్ణీత రూపంలో జరగాలి. సైట్లో ఇంజినీరు నోటిమాటగా చెప్పిన అదనపు పని ఆ లెక్కలోకి రాదు. అయితే పని చేసినవాడు పూర్తిగా నష్టపోవాలా? పశ్చిమ బెంగాల్‌లో అధికారులు అడిగారని ఒక కాంట్రాక్టరు పౌర సరఫరాల శాఖకు కచ్చా రోడ్డు, గదులు, గిడ్డంగి కట్టిచ్చాడు. పద్ధతి ప్రకారం ఒప్పందం లేదు. 1962లో బీకే మండల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పందాల చట్టం 70వ సెక్షన్‌ను ఆధారం చేసుకుంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని ఫలాన్ని అనుభవించినవాళ్లు పరిహారం ఇవ్వాలని చెప్పింది. కాంట్రాక్టరుకు డబ్బు దక్కింది కానీ దానికోసం దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వచ్చింది. నోటిమాట విన్న సాయంత్రమే 'ఇవాళ మీరు చెప్పిన ఫలానా పని మొదలుపెడుతున్నాం, సప్లిమెంటరీ అగ్రిమెంటు ఇప్పించండి' అని ఒక ఉత్తరం రాయడం దానికంటే ఎంతో చవక.

గడువు, జాప్యం, ఎల్‌డీ

ఇంజినీరింగ్ కాంట్రాక్టుల్లో తగవులు ఎక్కువగా గడువు దగ్గరే పుడతాయి. భూమి అప్పగింత ఆలస్యమవుతుంది, డ్రాయింగులు రావు, వానలు పడతాయి, సిమెంటు ధర పెరుగుతుంది. ఇక్కడ 55వ సెక్షన్‌ను ప్రతి మేనేజరూ కంఠతా పట్టాలి. గడువు ప్రాణంగా ఉన్న ఒప్పందంలో అవతలివాడు ఆలస్యంగా చేసిన పనిని మీరు తీసుకుంటే, ఆ ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోతుంది. పని తీసుకునేటప్పుడే 'పరిహారం అడుగుతాను' అని నోటీసు ఇచ్చి ఉంటేనే ఆ హక్కు నిలుస్తుంది.

ఓఎన్‌జీసీ, సా పైప్స్ కేసును ఈ కోణంలో చదవాలి. కేసింగ్ పైపుల సరఫరా ఆలస్యమైంది. ఐరోపాలో ఉక్కు కార్మికుల సమ్మె వల్ల ముడిసరుకు రాలేదని సరఫరాదారు గడువు పెంచమన్నాడు. ఓఎన్‌జీసీ గడువు పెంచింది. పెంచుతూనే, ఒప్పందంలో రాసుకున్న నష్టపరిహారాన్ని బిల్లులో మినహాయించుకుంటామని అదే ఉత్తరంలో రాసింది. 2003లో సుప్రీంకోర్టు ఆ కోతను సమర్థించింది. ఆ ఒక్క వాక్యం రాయకుండా గడువు పెంచి ఉంటే సంస్థ వాదన బలహీనపడేది. మన ఆఫీసుల్లో ఈవోటీ (గడువు పెంపు) ఉత్తరాల మీద రోజూ సంతకాలు పడుతుంటాయి. వాటిలో ఈ వాక్యం ఉందో లేదో చూసేవాళ్లు తక్కువ.

ఇక ఎల్‌డీ, అంటే ముందే అంకె వేసుకున్న నష్టపరిహారం. 'వారానికి అర శాతం, మొత్తం మీద పది శాతం మించకుండా' అని ఒప్పందంలో రాసుకుంటే అంతా వసూలు చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. 74వ సెక్షన్ ఆ అంకెను గరిష్ఠ హద్దుగానే చూస్తుంది. దానికి లోబడి న్యాయమైన పరిహారమే దక్కుతుంది. 1963లో ఫతేచంద్ కేసు ఈ సూత్రానికి పునాది వేసింది. 2015లో కైలాశ్ నాథ్ కేసు దాన్ని ఇంకా స్పష్టం చేసింది: నష్టం జరిగి ఉండాలి, రుజువు చేయగలిగిన నష్టాన్ని రుజువు చేయాలి, రుజువు కష్టమైనచోట ముందు వేసుకున్న అంకె నిజాయితీ గల అంచనా అయితే దాన్ని తీసుకోవచ్చు. సా పైప్స్ తీర్పు కొనుగోలుదారు వైపు మొగ్గితే, కైలాశ్ నాథ్ తీర్పు నష్టం జరగాలన్న షరతును గట్టిగా గుర్తుచేసింది. రెండింటినీ కలిపి చదివిన మేనేజరు జాప్యం వల్ల నిజంగా ఏం నష్టపోయామో ఆ రోజుల్లోనే లెక్క రాసిపెడతాడు.

కాంట్రాక్టరు వైపు కూడా ఇదే నీతి. ధరల పెంపు షరతు లేని ఒప్పందంలో సైతం జాప్యం యజమాని వల్ల జరిగితే పెరిగిన ఖర్చు దక్కవచ్చని కేరళలో ఒక పంపిణీ కాలువ పని మీద వచ్చిన సత్యపాలన్ కేసు చూపించింది. జాప్యంలో వృథా అయిన హెడ్ ఆఫీసు ఖర్చును లెక్కించడానికి హడ్సన్, ఎండెన్, ఐక్‌లీ సూత్రాలను వాడటాన్ని 2006లో మెక్‌డెర్మాట్ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది. కానీ సూత్రంలో వేసే అంకెలు ఎక్కడినుంచి వస్తాయి? హిండ్రన్స్ రిజిస్టరు (ఆటంకాల నమోదు పుస్తకం), సైట్ డైరీ, తేదీ వేసిన ఉత్తరాల నుంచే. ఏ రోజు ఏ యంత్రం ఎందుకు ఖాళీగా నిలబడిందో ఆ రోజే రాయకపోతే రెండేళ్ల తర్వాత ఏ సూత్రమూ ఆదుకోదు.

బిల్లులు, గ్యారంటీలు, సరుకు

పని ముగిసింది, ఎంబీ (మెజర్‌మెంట్ బుక్)లో కొలతలు ఎక్కాయి, ఫైనల్ బిల్లు సిద్ధమైంది. 'ఇక ఏ క్లెయిములూ లేవు' అని సంతకం పెడితేనే చెక్కు ఇస్తామంటారు. డబ్బు అవసరంలో ఉన్నవాడు పెడతాడు. అలాంటి సంతకం ఒత్తిడి మీద పెట్టినదైతే నిజమైన క్లెయిములను అది ఆపలేదని బోఘరా పాలీఫాబ్ (2008), ఆర్ఎల్ కలాఠియా (2011) తీర్పులు చెప్పాయి. అయితే ఆ ఒత్తిడిని తేదీతో సహా రాసి పెట్టుకున్నవాడి వాదన నిలబడినంత గట్టిగా ఊరికే నోటితో చెప్పేవాడి వాదన నిలబడదు.

బ్యాంకు గ్యారంటీ విషయంలో చట్టం మరీ కటువుగా ఉంటుంది. అసలు ఒప్పందం మీద ఎంత గొడవ నడుస్తున్నా, షరతులు లేని గ్యారంటీ కింద లబ్ధిదారు అడిగితే బ్యాంకు కట్టాలి. పెద్ద మోసమో, ఇక సరిదిద్దలేని అన్యాయమో ఉంటే తప్ప కోర్టులు జోక్యం చేసుకోవు. కానీ అడిగే ఉత్తరం గ్యారంటీలో ఎలా రాసి ఉందో అలాగే ఉండాలి. బిహార్‌లో ఒక ఆనకట్ట పని మీద వచ్చిన హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కేసులో (1999) గ్యారంటీ చీఫ్ ఇంజినీరు పేరిట ఉంది. డబ్బు కట్టమని అడిగింది ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. అందుకని అది చెల్లలేదు. చెప్పడమే కాదు, ఎవరు చెప్పారన్నదీ చట్టం చూస్తుంది.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం (2006) కింద చిన్న సరఫరాదారుకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. సరుకు బాగోలేదంటే 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. లేకపోతే సరుకును ఒప్పుకున్నట్టే లెక్క. స్టోర్సులో దిగిన పంపును మూడు నెలల తర్వాత బిగించి, అప్పుడు ప్రెషరు రావడం లేదని ఫిర్యాదు చేయడం మనకు అలవాటు. ఆ అలవాటు ఖరీదు ఈ చట్టంలో కనిపిస్తుంది.

1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 16వ సెక్షన్ కూడా కొనేవాడి మాట మీదే ఆధారపడుతుంది. ఆ సరుకు ఏ పనికి కావాలో మీరు అమ్మేవాడికి తెలియజేసి అతని నైపుణ్యం మీద ఆధారపడితే, ఆ పనికి అది పనికొస్తుందన్న హామీ దానంతటదే వస్తుంది. 'ఉప్పునీటికి వాడతాం' అని పర్చేజ్ ఆర్డరులో రాయని కొనుగోలుదారుకు ఆ హామీ దొరకడం కష్టం. తయారీదారు మీద కూడా చెప్పే బాధ్యత ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉత్పత్తి బాధ్యతను ప్రత్యేక అధ్యాయంగా పెట్టింది. తయారీ లోపం, డిజైన్ లోపాలతో పాటు సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా తయారీదారును బాధ్యుణ్ణి చేస్తుంది. లేబుల్ మీద వేసే హెచ్చరిక కూడా డిజైన్‌లో ఒక భాగమేనని డిజైన్ ఇంజినీరు అనుకోవాలి.

మనుషులు, నైపుణ్యం

హైదరాబాదులో ఉద్యోగం మారే ప్రతి ఇంజినీరూ అడిగే ప్రశ్న: 'పోటీ కంపెనీలో చేరకూడదు' అన్న షరతు చెల్లుతుందా? ఉద్యోగం వదిలాక అలాంటి నిషేధం ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదని 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ కేసు నుంచి కోర్టులు అదే దారిలో నడుస్తున్నాయి. ఉద్యోగ కాలంలో నిషేధం వేరు. టైరు కార్డు నూలు తయారీలో కంపెనీ శిక్షణ ఇచ్చిన షిఫ్టు సూపర్‌వైజరు ఐదేళ్ల ఒప్పందం మధ్యలో పోటీ సంస్థకు వెళ్లినప్పుడు, 1967లో సెంచరీ స్పిన్నింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని నిలబెట్టింది. బాండ్ల సంగతి మరో ప్రశ్న. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న బ్యాంకు షరతును 2025లో విజయా బ్యాంక్ కేసులో కోర్టు సమర్థించింది. మనిషిని పని చేసుకోకుండా ఆపడానికి వీల్లేదు, శిక్షణకూ నియామకానికీ అయిన ఖర్చును న్యాయంగా అడగవచ్చు అన్నది ఈ తీర్పుల సారం. శిక్షణ ఖర్చు కాగితం మీద లేని కంపెనీ ఆ 'న్యాయంగా' అన్న మాటను నిలబెట్టుకోవడం కష్టం.

రహస్యాలను కాపాడే ప్రత్యేక చట్టం మనకు ఇంకా లేదు. 2024లో లా కమిషన్ తన 289వ నివేదికలో ముసాయిదా బిల్లు ఇచ్చింది. ప్రస్తుతానికి ప్రధానంగా ఒప్పందమే రక్షణ. ఏది రహస్యమో ఉద్యోగికి చెప్పకుండా, ఫోల్డరు మీద రాయకుండా, ఆ తర్వాత రహస్యం పోయిందంటే ఎవరూ నమ్మరు.

మేధోసంపత్తిలో మాత్రం చెప్పడానికి సరైన సమయం అంటూ ఒకటుంది. పేటెంటు దరఖాస్తు వేయకముందే సెమినార్లో చెప్పినా, కస్టమరుకు చూపినా కొత్తదనం పోవచ్చు. మినహాయింపులు కొద్దిగానే ఉన్నాయి. మొదట పేటెంటు ఆఫీసుకు చెప్పాలి, తర్వాతే లోకానికి. భారతదేశంలో ఉండేవారు విదేశంలో దరఖాస్తు వేయాలంటే 39వ సెక్షన్ ప్రకారం అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి. కాపీరైటులో మనవాళ్లు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. ఉద్యోగి పనిలో భాగంగా రాసిన కోడ్‌కు యజమాని మొదటి హక్కుదారు. బయటి ఫ్రీలాన్సరు రాసినదానికి అలా కాదు, రాతపూర్వక బదిలీ కావాలి. ఆ పత్రంలో కాలం రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే. అమెరికా కస్టమరుకు శాశ్వతంగా హక్కులు ఇస్తామని మాట ఇచ్చిన కంపెనీ తన ఫ్రీలాన్సరు దగ్గర ఐదేళ్ల భారత హక్కులే తీసుకుని ఉంటే, లేనిదాన్ని అమ్మినట్టు అవుతుంది.

డేటా విషయంలో గడువులు గంటల్లోకి దిగాయి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటన తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద రక్షణ చర్యల్లో వైఫల్యానికి జరిమానా 250 కోట్ల రూపాయల వరకు పోవచ్చు. డేటా బయటికి పోతే డేటా రక్షణ బోర్డుకు వెంటనే చెప్పి 72 గంటల్లో వివరాలివ్వాలని 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు చెబుతాయి. ఈ ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. రాత్రి రెండు గంటలకు అలర్టు చూసిన షిఫ్టు ఇంజినీరు ఎవరిని నిద్ర లేపాలో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.

ప్రాణాలు

ఇంతవరకూ డబ్బు మాట. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో ఒక ప్లాంటు నుంచి లీకైన మిథైల్ ఐసోసయనేట్ వాయువు వేలమంది ప్రాణాలు తీసింది. 1989లో 47 కోట్ల డాలర్లకు పరిహార ఒప్పందం కుదిరింది. 2010 జూన్ 7న భోపాల్ కోర్టు ఆ ప్లాంటు నడిపిన కంపెనీకి చెందిన ఏడుగురిని నిర్లక్ష్యం వల్ల మరణాలకు దోషులుగా తేల్చి రెండేళ్ల శిక్ష వేసింది. ఆ ఏడుగురిలో బోర్డు ఛైర్మనూ మేనేజింగ్ డైరెక్టరూ ఉన్నారు. వర్క్స్ మేనేజరు, ప్రొడక్షన్ మేనేజరు, ప్లాంట్ సూపరింటెండెంటు కూడా ఉన్నారు. ఈ వాక్యాన్ని ప్రతి ప్లాంట్ ఇంజినీరూ ఒక్కసారి ఆగి చదవాలి. కంపెనీ వేరు, నేను వేరు అన్న గోడ క్రిమినల్ కోర్టులో నిలబడదు.

1985లో ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన కేసులో సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని నెలకొల్పింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు ఎంత జాగ్రత్త తీసుకున్నానని చెప్పినా నష్టానికి బాధ్యుడే. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక కొత్త అధ్యాయం చేర్చారు. అందులో 41బీ సెక్షన్ ప్రమాదాల సమాచారాన్ని కార్మికులకు, చీఫ్ ఇన్‌స్పెక్టరుకు, స్థానిక సంస్థకు, చుట్టుపక్కల జనానికి తెలియజేయడాన్ని తప్పనిసరి చేసింది. భోపాల్ తర్వాత చట్టం నేర్చుకున్న మొదటి పాఠాల్లో ఒకటి చెప్పడమే.

ఆ పాఠం మన ఊళ్లకు ఇంకా పూర్తిగా చేరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. మరుసటి రోజే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమంది. స్టైరీన్ ట్యాంకులో ఉష్ణోగ్రతను కింది భాగంలోనే కొలిచేవారని రాష్ట్ర ప్రభుత్వ కమిటీ తేల్చింది. పైభాగంలో వేడి పెరుగుతున్నా కొలిచే పరికరం లేదు. తెలియదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. తెలుసుకునే ఏర్పాటు చేసుకోవడం మేనేజరు బాధ్యత. 2025 జూన్ 30న పాశమైలారంలో ఔషధ ముడిపదార్థాల ప్లాంటు పేలి 40 మందికి పైగా ప్రాణాలు పోయిన తర్వాత ఈ మాట మళ్లీ గొంతెత్తి చెప్పాలి.

నిబంధనలు మారుతున్నాయి. నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రతా కోడ్ ప్రకారం ప్రమాదకర పరిస్థితిని చూసిన ఉద్యోగి దాన్ని యజమాని దృష్టికి తేవాలి. ప్రాణనష్టం జరిగితే వేసే జరిమానాలో కనీసం సగం బాధితుడికో, వారసులకో ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలో రెండేళ్లున్న గరిష్ఠ శిక్షను 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత ఐదేళ్లకు పెంచింది.

లంచం, కుమ్మక్కు, తగవు

టెండరులో పోటీదారులు ముందే మాట్లాడుకుని ధరలు వేయడం 2002 పోటీ చట్టం కింద నేరం లాంటి ఉల్లంఘన. జరిమానా కంపెనీ మీదే కాక బాధ్యులైన ఉద్యోగుల మీదా పడుతుంది. పోటీ కమిషన్‌కు మొదట వచ్చి నిజం చెప్పిన సంస్థకు జరిమానా పూర్తిగా తగ్గవచ్చు. రెండోవాడికి అంత ఊరట ఉండదు. లంచం ఇచ్చినవాడికీ అవినీతి నిరోధక చట్టపు 2018 సవరణ తర్వాత ఏడేళ్ల వరకూ శిక్ష పడవచ్చు. కానీ బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో అధికారులకు చెబితే రక్షణ ఉంది. ఇక్కడ కూడా చట్టం తేదీనే లెక్కిస్తోంది.

తగవు ముదిరాక ఆర్బిట్రేషన్ దారి ఉంది. ఒక పక్షం తనకు నచ్చిన ఆర్బిట్రేటరును ఏకపక్షంగా వేసుకోవడం కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు, ప్రభుత్వ సంస్థల ఒప్పందాల విషయంలో 2024లో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేశాయి. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రో కేసు కథ ఇంజినీర్లకు మరింత దగ్గరది. నిర్మాణ లోపాలు సరిచేయమని 2012 జూలైలో లైను నడిపే కంపెనీ మెట్రో సంస్థకు నోటీసు ఇచ్చింది. 90 రోజుల్లో సరిచేయడానికి తగిన చర్యలు తీసుకోలేదంటూ ఒప్పందం రద్దు చేసింది. 2017లో ట్రిబ్యునల్ కంపెనీకి 2,782 కోట్ల రూపాయలు, వడ్డీ ఇప్పించింది. 2024 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు క్యూరేటివ్ పిటిషన్లో ఆ అవార్డును కొట్టేసింది. నోటీసులో అడిగిన చర్యలను, మెట్రో భద్రతా కమిషనర్ ఇచ్చిన ధ్రువపత్రాన్ని ట్రిబ్యునల్ సరిగ్గా చూడలేదంది. పన్నెండేళ్ల పోరాటం చివరికి ఒక నోటీసు అర్థం దగ్గర, ఒక టెక్నికల్ సర్టిఫికెట్ దగ్గర ఆగింది.

ఇంకో హెచ్చరిక: సాధారణంగా హక్కు పుట్టిన మూడేళ్లలో కేసు వేయాలి. 'మీ ఉత్తరం అందింది, పరిశీలిస్తాం' అన్న జవాబులు గడువును ఆపవు. బాకీ ఉన్నానని అవతలివాడు గడువు లోపల సంతకంతో ఒప్పుకుంటేనే లెక్క కొత్తగా మొదలవుతుంది.

చెప్పడానికి ఉన్న హద్దులు

ఈ వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. ప్రతిదానికీ నోటీసులు రాస్తూ కూర్చుంటే సంబంధాలు చెడతాయని, సైట్లో పని ఆగుతుందని అనుభవజ్ఞులు అంటారు. అందులో నిజముంది. బెదిరింపులతో నిండిన ఉత్తరం అవతలివాణ్ణి లాయరు దగ్గరికి తోస్తుంది. 'ఫలానా డ్రాయింగు 12న రావాలి, ఇంకా రాలేదు, పని ఫలానా చోట ఆగింది' అనే మూడు ముక్కల ఉత్తరం ఎవరినీ గాయపరచదు. 'రాయకు, ఫోన్ చెయ్యి' అనే పెద్దాయన తనను కాపాడుకుంటున్నాడు. రేపు ప్రశ్న వచ్చినప్పుడు కింది ఇంజినీరును కాపాడేది ఆ రాతే.

రెండో హద్దు మరింత గంభీరమైనది. చెప్పినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. 1982 మేలో భోపాల్ ప్లాంటును మాతృసంస్థ బృందం ఆడిట్ చేసి లోపాల జాబితా రాసింది. రెండున్నరేళ్ల తర్వాత దుర్ఘటన జరిగింది. రాసి, పక్కన పెట్టేసిన హెచ్చరిక తెలిసి కూడా ఊరుకున్నారనడానికి సాక్ష్యంగా మారుతుంది. కాబట్టి ఫైలు మూసేముందు ఇంకో గీత గీయాలి: చెప్పిన తర్వాత ఏం జరిగింది? జరగకపోతే పైవాడికి చెప్పాలి. అక్కడా ఆగిపోతే పని ఆపే అధికారం వాడాలి.

ఎప్పుడు లాయరు దగ్గరికి వెళ్లాలో తెలుసుకోవడం కూడా ఈ చదువులో భాగమే. టెర్మినేషన్ నోటీసు, గ్యారంటీ ఎన్‌క్యాష్‌మెంటు, ప్రమాదంలో ప్రాణనష్టం, ప్రభుత్వ దర్యాప్తు, పేటెంటు వంటివి సొంత తెలివితో నడిపేవి కావు. కానీ లాయరు దగ్గరికి వెళ్లేనాటికి చేతిలో ఉండాల్సినవి ఎంబీ, హిండ్రన్స్ రిజిస్టరు, మీటింగు మినిట్స్, తేదీలున్న మెయిళ్లు. వాటిని లాయరు తయారుచేయలేడు. అవి ఇంజినీరు మాత్రమే, ఆ రోజు మాత్రమే రాయగలిగినవి.

ఇంజినీరింగ్ చదువుల్లో వ్యాపార చట్టాన్ని సెక్షన్ల జాబితాగా కాక ఈ కేసుల కథలుగా, సైట్ కాగితాల అభ్యాసంగా నేర్పాలని నా కోరిక. చివరి ఏడాది విద్యార్థి చేత ఒక ఈవోటీ ఉత్తరం, ఒక హిండ్రన్స్ ఎంట్రీ, ఒక ప్రమాద హెచ్చరిక రాయిస్తే చాలు, సగం పాఠం వచ్చేసినట్టే. ఉద్యోగంలో ఉన్నవారికి రోజు ముగిశాక డైరీ మూసేముందు మూడు ప్రశ్నలు చాలు. ఇవాళ నాకు కొత్తగా ఏం తెలిసింది? దాని వల్ల ఎవరి పని, ఎవరి డబ్బు, ఎవరి ప్రాణం మీద ప్రభావం పడుతుంది? వాళ్లకు చెప్పానా?